కుర్రాడు కదా, తట్టుకుంటాడులే అంటే ఎలా?

"వయసులో ఉన్నాడు, తట్టుకుంటాడు. పెద్దయ్యాక వాడే మానేస్తాడు." సిగరెట్టో, మందో, ఇంకేదైనా మత్తో అలవాటైన కుర్రాడి గురించి ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. మెదడు విషయంలో జరిగేది సరిగ్గా దీనికి ఉల్టా.

చిన్నప్పుడు సైకిల్ నేర్చుకున్నారు కదా. ఇరవై ఏళ్లు ముట్టుకోకపోయినా, ఎక్కి కూర్చుంటే కాళ్లు వాటంతట అవే తొక్కేస్తాయి. ఒకే పని పదే పదే చేస్తే, దానికి సంబంధించిన నాడీకణాల మధ్య కనెక్షన్లు గట్టిపడతాయి. నేర్చుకోవడమంటే అదే. వ్యసనం కూడా ఒక రకంగా నేర్చుకోవడమేనని పెన్సిల్వేనియా యూనివర్సిటీ న్యూరాలజిస్టు ఫ్రాన్సెస్ జెన్సెన్ చెబుతారు. టీనేజ్ మెదడు పెద్దవాళ్ల కన్నా త్వరగా నేర్చుకుంటుంది కాబట్టి వ్యసనాన్నీ అంతే త్వరగా, అంతే గట్టిగా నేర్చేసుకుంటుంది. మనం ముచ్చటపడే ఆ చురుకుదనమే ఇక్కడ కొంప ముంచుతుంది.

ఈ నేర్చుకోవడంలో డోపమైన్ అనే మెదడు రసాయనానికి పెద్ద పాత్ర ఉంది. దాన్ని ఊరికే "ఆనందం రసాయనం" అనేస్తుంటారు, నాకు ఆ పేరు నచ్చదు. "ఇది ముఖ్యం, గుర్తుపెట్టుకో" అని మెదడుకు చెప్పడం దాని అసలు పని. 2001లో వచ్చిన ఒక పరిశోధనలో చిట్టెలుకలకు ఒక్కసారి కొకైన్ అనే మత్తుమందు ఇస్తేనే డోపమైన్‌ను విడుదల చేసే కణాల మీది కనెక్షన్లు కొన్ని రోజుల పాటు బలపడి ఉన్నాయి. ఒకే ఒక్కసారికి!

మరి సైకిల్‌కు బ్రేకులో? అంటే మనల్ని మనం ఆపుకునే శక్తి. అవి మెదడులో నుదుటి వెనక భాగంలో ఉంటాయి. అది పూర్తిగా తయారయ్యేసరికి పాతికేళ్లు వస్తాయి. 2005లో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అనే మనస్తత్వ పరిశోధకులు వేర్వేరు వయసులవాళ్ల చేత ఒక వీడియో గేమ్ ఆడించారు. పసుపు లైటు పడింది, ఏ క్షణమైనా ఎర్ర లైటు పడి ఎదురుగా గోడ వచ్చేస్తుంది, కారు ఆపుతారా, ఇంకొంచెం పోనిస్తారా? ఒంటరిగా ఆడినప్పటి కన్నా, తోటివాళ్లు పక్కనుంటే 13-16 ఏళ్ల పిల్లలు చాలా ఎక్కువ రిస్క్ తీసుకున్నారు. 24 దాటినవాళ్లలో ఆ తేడా దాదాపు లేదు. మొదటి సిగరెట్ ఎవరి పక్కన వెలుగుతుందో ఆలోచించండి.

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తాను. అమెరికాలో 1997లో వచ్చిన సర్వే ప్రకారం 15 ఏళ్ల లోపే తాగుడు మొదలుపెట్టినవాళ్లలో సుమారు 40 శాతం మంది తర్వాత ఎప్పుడో ఒకప్పుడు దానికి బానిసలయ్యారు. 20 దాటాక మొదలుపెట్టినవాళ్లలో అది 10 శాతమే. తాగుడు వల్ల మెదడు మారిందా, ముందే అలాంటి మెదడు ఉన్నవాళ్లే త్వరగా మొదలుపెట్టారా? న్యాయమైన ప్రశ్నే. దాన్ని తేల్చడానికే అక్కడ ఏబీసీడీ అనే, పిల్లల మెదడు ఎదుగుదల మీద జరిగే అధ్యయనంలో దాదాపు 12,000 మంది పిల్లల మెదళ్లను 9-10 ఏళ్ల వయసు నుంచే, అంటే ఏ అలవాటూ మొదలవకముందు నుంచే, స్కాన్ చేస్తూ వస్తున్నారు.

ఇక మానడం సంగతి. వ్యసనాల మీద పరిశోధించే అమెరికా శాస్త్రవేత్త నోరా వోల్కో బృందం, మెథ్ (మెథాంఫెటమైన్) అనే మత్తుమందు వాడినవాళ్లను ఏడాదికి పైగా మానేశాక మళ్లీ స్కాన్ చేస్తే, డోపమైన్ వ్యవస్థలో దెబ్బతిన్న భాగం కొంత కోలుకున్నట్టు కనిపించింది. అయితే నెలల తరబడి మానేసినా పాత జాగా, పాత జట్టు కనిపిస్తే చాలు, కాళ్లు మళ్లీ పెడల్ మీదకు వెళ్తాయి. అందుకే డీఅడిక్షన్ చికిత్సలో మందులతో పాటు, ఆ జాగాలు, ఆ జట్టు ఎదురైనప్పుడు ఏం చేయాలో కూడా కూర్చోబెట్టి నేర్పిస్తారు.