పదిహేను నెలలు ఆగిన బాప్తిస్మం

శ్రోతలకు నమస్కారం. విశ్వాసులకు వందనాలు.

విశ్వాసంలో వచ్చే సందేహాలు, పరీక్షల గురించి మాట్లాడమన్నారు. ఇచ్చిన సమయం తక్కువ, అంశం చూస్తే సముద్రం. బైబిల్లో పిల్లల్నీ ఆస్తినీ పోగొట్టుకుని పరీక్షకి నిలబడ్డ యోబు దగ్గర మొదలుపెట్టానంటే రేపు పొద్దున వార్తల వేళకి కూడా అవదు. అందుకని యోబుని పక్కన పెట్టి ఒక్క ప్రశ్న తీసుకుంటాను. ఆ ప్రశ్న అడిగింది మా సంఘంలో ఇంజనీరింగ్ చదివే కుర్రాడు.

ఆదివారం ఆరాధన అయిపోయింది, చాపలు చుడుతున్నాం. వాడు చాప రెండో కొస పట్టుకుని, నా మొహం చూడకుండా అడిగాడు. "మాస్టారూ, మా తాతల తాత తిండి కోసం మతం మారాడంట కదా?" హాస్టల్లో ఎవరో అన్నారట. నవ్వుతూనే అన్నారట. "అదే నిజమైతే నేను చేసే ప్రార్థన కూడా అబద్ధమేగా?" అన్నాడు.

నేనేం చెప్పానో తెలుసా? "అలాంటి మాటలు పట్టించుకోకు, ప్రార్థన చేసుకో" అన్నాను. అని చాప చంకన పెట్టుకుని వెళ్ళి గదిలో పడేశాను. వాడు "సరే మాస్టారూ" అన్నాడు. తర్వాత రెండు ఆదివారాలు వాడు రాలేదు.

ఆ రెండు ఆదివారాలూ నాకు ఒంగోలు కథ గుర్తొస్తూనే ఉంది. ఆ రోజు వాడికి చెప్పాల్సిన కథ. ఇవాళ మీకు చెబుతున్నాను.

1876. ధాత నామ సంవత్సరం. వానలు మొహం చాటేశాయి. అప్పుడు మొదలైన కరువు 1878 దాకా వదల్లేదు. ధాత కరువు అన్నారు పెద్దలు. లక్షల మంది పోయారు. ఇంతకంటే అంకెలు చెప్పను, రేడియోలో అంకెలు నిలవవు.

అప్పటికి ఒంగోల్లో జాన్ క్లౌ అని ఒక అమెరికన్ మిషనరీ ఉన్నాడు. మనవాళ్ళ నోట క్లౌ దొర. 1866లో ఒంగోలు వచ్చాడు. మిషనరీ కాకముందు అమెరికాలో భూములు కొలిచే సర్వేయరు. ఆయన రాకముందే ఆ బాప్టిస్టు మిషన్‌కి పెద్ద పరీక్ష ఎదురైంది. ఇన్నేళ్ళు పనిచేసినా తెలుగు దేశంలో ఫలితం లేదు, మూసేద్దామా అని 1853లో అమెరికాలో చర్చ పెట్టారు. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఆ మిషన్‌లో పనిచేసే జ్యూయెట్ దంపతులు, ఇక్కడి విశ్వాసులు ముగ్గురు, మొత్తం అయిదుగురు ఒంగోలు కొండెక్కి ప్రార్థన చేశారు. ఆ కొండ సంగతి అందరూ చెబుతారు. నేను కొండ దిగి కాలువ దగ్గరికి వెళ్తాను.

బకింగ్‌హామ్ కాలువ. సర్కారువారు కరువు పనిగా తవ్విస్తున్నారు. క్లౌ దొర అందులో మూడున్నర మైళ్ళ ముక్క కాంట్రాక్టు తీసుకున్నాడు. సర్వే తెలిసిన మనిషి కదా. ఊళ్ళల్లో సువార్త చెప్పే బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టాడు. పనికొచ్చిన జనం పారతో తవ్వారు, తట్టలు మోశారు. దమ్ము తీసుకోవడానికి కూర్చుంటే పక్కన మేస్త్రీ, ఆయనే బోధకుడు. మాటలు సాగేవి. వాళ్ళు ఎక్కువగా చెప్పిన వాక్యం ఒకటుంది: ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి. నెత్తిన మట్టితట్ట ఉన్నవాడికి భారం అనే మాటకి వేరే అర్థం చెప్పాలా?

జనం అడగడం మొదలుపెట్టారు. మాకు బాప్తిస్మం ఇవ్వండి అని.

క్లౌ దొర ఇవ్వనన్నాడు.

పని ఇచ్చాడు, కూలి ఇచ్చాడు, బాప్తిస్మం ఇవ్వలేదు. ఎందుకని? ఆయనకూ అదే అనుమానం. వీళ్ళు కూటి కోసం వస్తున్నారేమో! హాస్టల్లో మన కుర్రాణ్ణి నవ్వుతూ అన్న మాట, నూట యాభై ఏళ్ళ కిందట ఆ దొర తనలో తనే అనుకున్నాడు. కరువు ముగిసేదాకా, చేతిలో ఉన్న సహాయం డబ్బు అయిపోయేదాకా ఆగుదాం అనుకున్నాడు. ఆగాడు. పదిహేను నెలలు ఆగాడు. అన్ని నెలల్లో ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు.

నాకిక్కడ ఒక బాధ ఉంది, దాచుకోను. రేపు బతికుంటాడో లేదో తెలియని మనిషిని అంతకాలం గుమ్మం బయట నిలబెట్టడం న్యాయమేనా? అడిగి అడిగి, ఆ నెలల్లోనే కన్ను మూసినవాళ్ళు ఉండే ఉంటారు. ఆయన చేసింది తప్పు అనలేను. నన్నే ఆ చోట నిలబెడితే అంత గట్టిగా ఉండగలనా? ఉండలేను. ఉండాలని కూడా లేదు.

1878 వచ్చింది. ఒంగోలుకి దగ్గర్లో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి. అక్కడ కలుద్దాం రండి అని బోధకులకి కబురు పెట్టాడు. మీరు మాత్రమే రండి, జనాన్ని తీసుకురావద్దు అని కూడా చెప్పాడు. జనం ఆగితేనా? వందలు, వేలు వచ్చారు. ఎక్కువమంది మాదిగపల్లెల వాళ్ళు. దొర మళ్ళీ అదే మాట. ఇళ్ళకి వెళ్ళండి, ఇంకొన్నాళ్ళు ఆగండి.

వాళ్ళేమన్నారో ఆయన తర్వాత గుర్తుచేసుకున్నాడు. ఆ మాటల సారం ఇది: మాకు మీ సాయం అక్కర్లేదు. మేం కష్టపడి బతికేవాళ్ళమో కాదో మా అరచేతుల్లో బొబ్బలు చెబుతాయి. వచ్చే పంట కూడా పోతే చచ్చిపోతాం. చచ్చేదేదో క్రైస్తవులుగా చస్తాం. మాకు బాప్తిస్మం ఇవ్వండి.

బొబ్బలు. గడ్డపార పట్టి పట్టి కాసిన బొబ్బలు. విశ్వాసానికి రుజువు అడిగితే వాళ్ళు చేతులు చాపారు. నన్నడిగితే ఆ నది ఒడ్డున అసలు సంగతి ఆ తర్వాత జరిగిన బాప్తిస్మాలకన్నా ఇదే. అనుమానపడ్డవాడికి ఆ జనం కోపంతో జవాబివ్వలేదు. చేతులు చూడు అన్నారు. యేసు చనిపోయి లేచాడంటే, గాయాలు చూస్తేగానీ నమ్మనన్న శిష్యుడు తోమా. ఆ తోమాకి యేసు కూడా అదే కదా అన్నాడు, నా చేతులు చూడు అని!

ఇక దొర ఆగలేకపోయాడు. అయినా ఊరికే నీళ్ళలోకి దింపలేదు. ఏ ఊరివాళ్ళని ఆ ఊరి బోధకుడి ఎదుట కూర్చోబెట్టి విచారించారు. జులై 2, 3, 4. మూడు రోజుల్లో 3,536 మంది. అందులో జులై 3 ఒక్కరోజే 2,222 మంది. ఆరుగురు బోధకులు, ఒక్కో విడతకి ఇద్దరు చొప్పున నదిలో నిలబడ్డారు. పొద్దున కొంతసేపు, మధ్యాహ్నం ఎండలో విరామం, మళ్ళీ సాయంత్రం దాకా. క్లౌ దొర ఒడ్డునే ఉన్నాడు, తన చేత్తో ఒక్కరికీ ఇవ్వలేదు. ఇచ్చినవాళ్ళంతా మన తెలుగు బోధకులే.

ఇంకో చిన్న మాట. తాళ్ళకొండపాడు యర్రగుంట్ల పేరయ్య, తోళ్ళ వ్యాపారి. ఆయన బాప్తిస్మం తీసుకున్నది 1866లో. కరువుకి పదేళ్ళ ముందు. పేరయ్యకి ఏ గంజి కేంద్రం గుర్తొచ్చి ఉంటుంది? తిండి కోసమే అనే మాటలో ఇంకో మాట దాగి ఉంటుంది. కూలివాడికి ఆకలి ఒక్కటే ఉంటుంది, ఆలోచన ఉండదు అని. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

సరే. మూడో ఆదివారం వాడు వచ్చాడు. వాళ్ళమ్మ తెచ్చింది, వాడు వచ్చాడు అనకూడదేమో. గుమ్మం దగ్గరే పట్టుకుని ఈ కథంతా చెప్పాను. మొత్తం విన్నాడు. విని, "మరి ఆ వేల మందిలో కొందరైనా తిండి కోసం వచ్చుండరా?" అన్నాడు.

వచ్చుండొచ్చు అన్నాను. ఈసారి తొందరపడలేదు. యోహాను సువార్త ఆరో అధ్యాయం తీసి ఇచ్చాను. అయిదువేల మందికి రొట్టెలు పెట్టిన మర్నాడు యేసు ఆ జనంతో, మీరు రొట్టెలు తిని కడుపు నిండినందుకే నన్ను వెతుకుతున్నారు అన్నాడు. మొహం మీదే అన్నాడు. అయినా వాళ్ళని తరిమెయ్యలేదు, కూర్చోబెట్టి మాట్లాడాడు. చాలామంది వాళ్ళంతట వాళ్ళే వెళ్ళిపోయారు. అప్పుడు పన్నెండుమంది వైపు తిరిగి, మీరు కూడా వెళ్తారా అని అడిగాడు. వెళ్ళడానికి తలుపు తీసే ఉంచాడు.

సమయం అయిపోతోందని అద్దం అవతల చెయ్యి ఊపుతున్నారు. ఒక్క పనికొచ్చే సంగతి చెప్పి లేస్తాను. తోమా అనుమానం అందరికీ తెలుసు. ఆ అనుమానానికీ యేసు కనబడడానికీ మధ్య ఎన్ని రోజులో చూశారా? ఎనిమిది దినములైన తరువాత అని ఉంది. ఆ ఎనిమిది రోజులూ తోమా నమ్మలేదు. నమ్మకపోయినా మిగతావాళ్ళతో ఆ గదిలోనే ఉన్నాడు. వాళ్ళు తలుపు చూపించలేదు, వాడు అలిగి పోలేదు. మీ ఇంట్లో పిల్లలు ఇలాంటి ప్రశ్న అడిగితే నేను చేసిన పని చెయ్యకండి. ప్రార్థన చేసుకో అని అక్కడికక్కడే మూసెయ్యకండి. ఆ ప్రశ్నతోపాటే వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకోండి. ఎనిమిది రోజులు కానివ్వండి, పదిహేను నెలలు కానివ్వండి.

మావాడు ఇప్పుడు వస్తున్నాడు. పూర్తిగా నమ్మాడా అంటే, వాణ్ణే అడగాలి. మొన్న ఆదివారం చాపలు చుడుతుంటే మళ్ళీ మొదలుపెట్టాడు. "మాస్టారూ, యోబుకి చివర్లో మళ్ళీ పదిమంది పిల్లలు పుట్టారు, బాగానే ఉంది. మరి ముందు చచ్చిపోయిన ఆ పదిమంది సంగతేంటి?"

నాకు తెలీదు అన్నాను. చాప రెండో కొస పట్టుకోమన్నాను.