ఆయాసం తీరే ఆ కాసేపు

అందరికీ నమస్కారం. ఈ పొద్దున మన బెంగళూరు లాల్‌బాగ్ బండ ఎక్కి వచ్చినవాళ్లు ఇక్కడ చాలామందే కనిపిస్తున్నారు. పైకి చేరేసరికి ఆయాసం, గుండె దడ. కాసేపు కూర్చుంటే కుదుటపడుతుంది. ఆ కాసేపట్లో ఒంట్లో జరిగే పని గురించే నా మాటలన్నీ. (గుండె జబ్బున్నవాళ్లు మాత్రం డాక్టరుని అడక్కుండా ఎక్కకండి.)

ప్రయోగశాలల్లో సీ. ఎలిగాన్స్ అనే పురుగును పెంచుతారు. ఒళ్లంతా కలిపి ఒక మిల్లీమీటరు, ఆయుష్షు రెండు మూడు వారాలు. 20 డిగ్రీల్లో హాయిగా బతుకుతుంది. అలాంటి పురుగుల్ని లేత వయసులో ఓ గంటో రెండు గంటలో 35 డిగ్రీల వేడిలో ఉంచి, మళ్లీ చల్లటి చోటికి మార్చారు. అవి తక్కినవాటికంటే ఎక్కువ రోజులు బతికాయి. ఆ వేడిలోనే వదిలేస్తే మాత్రం చచ్చిపోతాయి.

వేడికి కణంలోని ప్రోటీన్ల మడతలు చెడతాయి. వాటిని సరిచేయడానికి కణం హీట్ షాక్ ప్రోటీన్లను తయారుచేసుకుంటుంది. వేడి తగ్గాక కూడా అవి కొంతకాలం పనిచేస్తాయి. వానకి కారుతోందని పిలిపించిన మేస్త్రీ పాత పగుళ్లు కూడా పూడ్చినట్టు. ఇలా కొద్దిపాటి దెబ్బ మేలు చేయడానికి 1943లో హార్మెసిస్ అని పేరు పెట్టారు.

పురుగును చూపించి మన ఆయుష్షు లెక్కగట్టను. కానీ 2009లో జర్మనీ పరిశోధకులు మనుషుల మీదే చేసిన పని ఒకటుంది. నాలుగు వారాలు వ్యాయామం చేయించారు, కొందరికి విటమిన్ సి, ఇ మాత్రలిచ్చారు. మాత్రలు వేసుకోనివాళ్లలో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేసింది. వేసుకున్నవాళ్లలో ఆ మేలు కనబడలేదు. వ్యాయామంలో పుట్టే ఆక్సీకరణ ఒత్తిడే, అంటే ఆక్సిజన్ వాడకంలో పుట్టే పదార్థాలు కణాలకు చేసే కొద్దిపాటి దెబ్బే, మరమ్మతుకు కబురు పంపుతుంది, ఆ ఒత్తిడిని అణిచే ఈ మాత్రలు ఆ కబురును దారిలోనే ఆపేశాయని వాళ్ల వివరణ.

ఇదంతా విని, కష్టాల్లో ఉన్నవాళ్లతో "కష్టపడితే గట్టిపడతావులే" అనేవాళ్లను చూస్తే నాకు కడుపు రగులుతుంది. 2004లో ఎలిసా ఎపెల్, ఎలిజబెత్ బ్లాక్‌బర్న్ అనే శాస్త్రవేత్తల బృందం 58 మంది తల్లుల్ని పరీక్షించింది. ఒత్తిడి బాగా ఎక్కువగా ఉందన్నవాళ్ల తెల్లరక్తకణాల్లో టెలోమియర్లు (క్రోమోజోముల కొసలకుండే తొడుగులు, వయసుతోపాటు కురచబడేవి), ఒత్తిడి తక్కువన్నవాళ్లకంటే, కనీసం పదేళ్ల వయసు తేడా ఉన్నంతగా కురచబడ్డాయి. జబ్బు బిడ్డల్ని సాకుతున్న తల్లుల్లో, సాకిన ఏళ్లు పెరిగేకొద్దీ అవి ఇంకా కురచ. వాళ్లకి బండ ఎక్కడమే తప్ప కూర్చునే కాసేపు దొరకలేదు.

మన వాకింగ్ బృందంలోనూ, ఇంట్లో మంచాన పడ్డ మనిషిని వదల్లేక రావడం మానేసినవాళ్లున్నారు. వారానికో పూట వాళ్లింట్లో కూర్చోగలిగినవాళ్లు వెళ్లేముందు ఈ పుస్తకంలో పేరు రాయండి. మంగళవారం పొద్దున నాది.