సురినామ్ నది ఒడ్డున సారామకా పల్లెలు

(దృశ్యం: దట్టమైన అడవి, బండల మధ్య సుడులు తిరిగే నది, ఎదురెక్కుతున్న పొడవాటి పడవ)

దక్షిణ అమెరికా ఉత్తర తీరాన ఉన్న సురినామ్‌లో, రాజధాని పారామారిబో నుంచి దక్షిణానికి వచ్చే రోడ్డు అట్జోని రేవు దగ్గర ఆగిపోతుంది. అక్కడి నుంచి పికిన్ స్లే వంటి పల్లెలకు వెళ్లాలంటే నదే దారి. పడవ ముక్కు దగ్గర గెడతో నిలబడిన మనిషి, నీటి పైమడతలను చూసి అడుగున బండ ఎక్కడుందో పసిగట్టి, వెనుక ఇంజను నడిపేవాడికి చేతితో సైగ చేస్తుంటాడు. కొత్తవారిని భయపెట్టే ఈ రాతి వడులే ఒకప్పుడు ఈ పల్లెల్లోని సారామకా ప్రజల ప్రాణాలను కాపాడాయి.

(దృశ్యం: తోటల కాలం నాటి పటం)

డచ్చివారి చెరకు తోటల్లో చాకిరీకి ఆఫ్రికా నుంచి బలవంతంగా తెచ్చిన బానిసలు 17వ శతాబ్దం చివరి నుంచే అడవిలోకి తప్పించుకుపోసాగారు. ఇలా తప్పించుకుని సొంత సమాజాలను నిర్మించుకున్నవారినే మరూన్లంటారు. సారామకాలు వారిలో ఒక జాతి. పారిపోయే స్త్రీలు వడ్లగింజలను జడల్లో దాచి తెచ్చారని వారి పెద్దలు నేటికీ చెబుతారు. వెంటాడిన సైన్యాలతో దశాబ్దాల పాటు పోరాడి, 1762లో వారు డచ్చివారిని సంధికి ఒప్పించారు. దేశంలో బానిసత్వం రద్దయింది 1863లో. అంటే వారి స్వేచ్ఛ ఎవరో దయతలచి ఇచ్చినది కాదు, నూరేళ్ల ముందే పోరాడి సాధించుకున్నది.

(దృశ్యం: పల్లె ముఖద్వారం, వంటపాక)

పల్లెలోకి వచ్చే దారికి అడ్డంగా ఎండిన తాటిజాతి ఆకులు వేలాడుతుంటాయి. కీడు లోపలికి రాకుండా కట్టిన తోరణమది. వంశం తల్లి వైపు నుంచి లెక్కకు వస్తుంది. వంటపాకలో స్త్రీలు చేదు కర్రపెండలాన్ని తురిమి, ఆ తురుమును పొడవాటి అల్లిక గొట్టంలో కూరి వేలాడదీసి, కింది కొసను బరువుతో లాగుతారు. గొట్టం సాగుతూ సన్నబడే కొద్దీ విషపూరితమైన రసం కారిపోతుంది. మిగిలిన పిండిని జల్లించి పెనం మీద పలుచని రొట్టెలు కాలుస్తారు. పొరపాటు జరిగితే ప్రాణం మీదకు వచ్చే ఆహారాన్ని అనుదినాహారంగా మలచుకున్న ఈ నేర్పు ఎంతో గౌరవించదగినది.

(దృశ్యం: జలాశయంలో నిలిచిన మోడు చెట్లు)

1964లో ఇదే నదిపై కట్టిన అఫోబాకా ఆనకట్ట జలాశయం నిండడం మొదలైంది. అల్యూమినియం పరిశ్రమకు విద్యుత్తు అందించేందుకు కట్టిన ఈ ఆనకట్ట వల్ల సుమారు 1,500 చదరపు కిలోమీటర్ల అడవి, దానితో పాటు అనేక పల్లెలు మునిగి, దాదాపు 6,000 మంది నిర్వాసితులయ్యారు. పూర్వీకుల సమాధులు కూడా నీటి పాలయ్యాయి.

ఆపై 1990లలో ప్రభుత్వం వారిని అడగకుండానే వారి అడవిలో కలప నరికే అనుమతులను కంపెనీలకు ఇచ్చింది. పల్లెపెద్దలు ఏకమై, తమ భూముల పటాన్ని తామే గీయించి, అంతర్జాతీయ వేదికకు ఫిర్యాదు చేశారు. ఆ భూమి సారామకాల ఉమ్మడి ఆస్తి అనీ, పెద్ద ప్రాజెక్టులకు వారి సమ్మతి తప్పనిసరి అనీ అమెరికా ఖండాల మానవ హక్కుల న్యాయస్థానం 2007 నవంబరులో తీర్పు చెప్పింది. ఈ పోరాటాన్ని నడిపిన వాంజే ఎడ్వర్డ్స్, హ్యూగో జబిని 2009లో గోల్డ్‌మన్ పర్యావరణ పురస్కారం అందుకున్నారు. కానీ ఆ హక్కుకు పట్టా ఇచ్చే చట్టం చేయాలన్న ఆదేశం మాత్రం ఏళ్ల తరబడి అమలుకు నోచుకోలేదు.