కందుకూరులో ఉపన్యాసం ఎవరికోసం

అందరికీ నమస్కారం. ముందు వరసలు ఖాళీగా ఉన్నాయి, వెనకాల నిలబడినవాళ్లు దయచేసి ముందుకి రండి, ఇక్కడ వీఐపీ కుర్చీలేమీ లేవు, అవి మీకోసమే వేయించాం. పొలం నుంచి నేరుగా వచ్చినోళ్లు కూడా ఉన్నారు, చాలా సంతోషం.

ఈ లైబ్రరీలో ఇకనుంచి నెలకొక ఆదివారం సాయంత్రం ఒక ఉపన్యాసం పెట్టాలని అనుకున్నాం, ఒక నెల సైన్సు, ఒక నెల చరిత్ర, ఇంకో నెల భాషో ఆర్థికమో, మొదటిది నన్ను మాట్లాడమన్నారు. నేను డిగ్రీ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పుకునేదాన్ని. మొన్న ఒక పెద్దాయన నన్ను అడిగాడు, అమ్మా, కాలేజీల్లో సెమినార్లు జరుగుతానే ఉన్నాయి గదా మళ్లీ ఇదెందుకు అని. చాలా న్యాయమైన ప్రశ్న, ఈరోజు నేను చెప్పేదంతా దానికి జవాబే.

కాలేజీలో రెండు రోజుల నేషనల్ సెమినార్ అంటే ఎట్టా ఉంటదో ఇక్కడున్న లెక్చరర్లకి తెలుసు. పొద్దున జ్యోతి ప్రజ్వలన, వేదిక మీద పెద్దలు, ఒక్కొక్కరికి శాలువా, మొమెంటో, ఒక్కొక్కరూ నాలుగు మాటలు, అట్టా మధ్యాహ్నం అయిపోద్ది. భోజనాల తర్వాత పేపర్లు చదివేవాళ్లు ఒకరి తర్వాత ఒకరు, మనిషికి పది నిమిషాలు, స్లైడు మీద ఇంగ్లీషులో ఉన్నది ఉన్నట్టు చదవడం, బెల్లు కొట్టగానే దిగిపోవడం, ప్రశ్నలకి టైం లేదండీ అని చైర్ పర్సన్ చెప్పడం, సాయంత్రం సర్టిఫికెట్లు. అందులో మంచి పని చేసినోళ్లు ఉంటారు, మూడు నాలుగేళ్లు ఊళ్లు తిరిగి డేటా తెచ్చిన రీసెర్చ్ స్కాలర్లు ఉంటారు, ఆ పిల్లల కష్టం పది నిమిషాల్లో అట్టా వెళ్లిపోతా ఉంటే నాకు గుండెల్లో బాధేస్తది. ఎవరి ఊరి గురించి ఆ పేపరు రాశారో ఆ ఊరి మనిషి ఒక్కడు కూడా ఆ హాల్లో ఉండడు, గేటు దగ్గర ఎవరూ ఆపకపోయినా సరే రాడు, ఎందుకంటే అది తనకోసం జరిగేది కాదని ఆయనకి తెలుసు.

అసలు మన ప్రాంతం సైన్సు పుస్తకాల్లోకి ఎట్టా ఎక్కిందో చెప్తా వినండి. పొదిలి, దర్శి, కనిగిరి, మన కందుకూరు ఇవన్నీ పాత నెల్లూరు జిల్లా, 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా కట్టినప్పుడు అందులో కలిశాయి. ఆ మెట్ట తాలూకాల్లో 1930ల్లో రైతులు ఒక సంగతి కనిపెట్టారు, దుక్కికి కట్టే ఎద్దులు చిన్న వయసులోనే కీళ్లు బిగుసుకుపోయి నడవలేకపోతన్నాయి. అదే రోగం మనుషుల్లోనూ ఉంది, నడుము వంగదు, మెడ తిరగదు, పళ్ల మీద గోధుమరంగు గార. 1937లో షార్ట్ అనే డాక్టరు, ఆయనతో ఇంకో ముగ్గురు కలిసి మద్రాసు ప్రెసిడెన్సీలో ఫ్లోరోసిస్ అని పేపరు వేశారు, ఫ్లోరోసిస్ అంటే తాగే నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువై వచ్చే ఈ జబ్బే, భారతదేశంలో ఈ జబ్బు మీద మొట్టమొదటి వైద్య రిపోర్టుల్లో అదొకటి, అందులో ఉన్నది మన నెల్లూరు జిల్లా మనుషులే. ఈ షార్టే తర్వాత 1948లో మలేరియా క్రిమి రక్తంలోకి రాకముందు లివర్లో దాక్కుంటదని గార్నమ్ అనే ఇంకో శాస్త్రవేత్తతో కలిసి కనిపెట్టాడు, అంటే మామూలు మనిషి కాదు. కానీ మీరు ఒకటి గమనించండి, ముందు చూసింది ఎద్దుని మేపేవాడు. వాడు చూసినదానికి కారణం చెప్పింది డాక్టరు, నీళ్లలో ఫ్లోరైడు కొలిచి చూపించింది కెమిస్టు. ఈ ముగ్గురూ ఒక చోట కూర్చుంటే ఎంత బాగుండేది! ఉపన్యాసం అంటే నాకు ఆ చోటు.

కారణం కూడా కాస్త వివరంగా చెప్తా, ఎందుకంటే ఇక్కడ కూర్చున్నవాళ్లలో చాలామంది ఇళ్లలో ఆ నీళ్లు ఉన్నాయి. మన కింద ఉన్నది గ్రానైటు జాతి రాయి, అందులో ఫ్లోరైడు ఉన్న ఖనిజాలు ఉంటాయి. నీళ్లు ఆ రాతి పగుళ్లలో ఎంతకాలం నిలవుంటే అంత ఎక్కువ కరిగించుకుంటాయి. నీళ్లలో కాల్షియం ఎక్కువుంటే ఫ్లోరైడుని పట్టుకుని కింద కూర్చోపెట్టేస్తది, మన మెట్టలో చాలా చోట్ల కాల్షియం తక్కువ, సోడా గుణం ఎక్కువ, అందుకే ఫ్లోరైడు నీళ్లలోనే ఉండిపోతది. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తది, మన దేశ ప్రమాణం అయితే 1 లోపే ఉండాలి, వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 వరకు అని. ఒంట్లోకి పోయిన ఫ్లోరైడు ఎముకలోని ఖనిజంలో దూరి అక్కడే స్థిరపడిపోతది, ఏళ్ల తరబడి తాగితే ఎముక గట్టిపడుతుంది కానీ పెళుసుగా అవుద్ది, కీళ్ల దగ్గర నరాలు అని మనమనే పట్టీలు కూడా ఎముకలాగా అయిపోతాయి. కాచి చల్లార్చి తాగుతున్నామండీ అని కొంతమంది అంటారు, కాస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడు పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడతది. ఈ ఒక్క ముక్క ఎన్ని సెమినార్లలో ఎంతమంది చెప్పుంటారు, అయినా మన ఇళ్లలో స్టవ్ మీద గిన్నె పెడతానే ఉన్నారు. చెప్పినచోట తాగేవాళ్లు లేరు గదా మరి.

సరే, జనానికి ఉపన్యాసాలు పెట్టడం కొత్తా అంటే కాదు. లండన్లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ అని ఉంది, అక్కడ 1812లో హంఫ్రీ డేవీ అనే పెద్ద శాస్త్రవేత్త కెమిస్ట్రీ మీద మాట్లాడతా ఉంటే బుక్ బైండింగ్ షాపులో పనిచేసే ఒక కుర్రాడు వెళ్లి కూర్చున్నాడు. కమ్మరి కొడుకు, పెద్ద చదువు లేదు, షాపుకొచ్చే కస్టమరు ఒకాయన టికెట్లు ఇచ్చాడు. ఆ కుర్రాడు విన్నదంతా రాసుకుని, బొమ్మలు వేసి, తనకొచ్చిన పనే గదా, చక్కగా బైండు చేసి డేవీకి పంపాడు. మరుసటేడు అక్కడే అసిస్టెంటు ఉద్యోగం దొరికింది. ఆయనే మైకేల్ ఫారడే, ఈరోజు మనింట్లో ఫ్యాను తిరిగినా, ట్రాన్స్‌ఫార్మర్ మోగినా ఆయన కనిపెట్టినదే. తర్వాత ఆయనే అదే సంస్థలో పిల్లలకి క్రిస్మస్ ఉపన్యాసాలు ఇచ్చాడు, 1825లో మొదలైన ఆ ఉపన్యాసాలు ప్రపంచ యుద్ధం రోజుల్లో కొన్నేళ్లు తప్ప ఇప్పటికీ నడుస్తన్నాయి. ఒక కొవ్వొత్తి వెలిగించి పెట్టుకుని ఆరు ఉపన్యాసాలు చెప్పాడాయన, మైనం ఎట్టా కరుగుద్ది, ఒత్తిలోకి ఎట్టా ఎక్కుద్ది, మండినాక నీళ్లు ఎట్టా వస్తాయి, మన ఊపిరికీ ఆ మంటకీ సంబంధమేంది అని. చేతిలో ఉన్న వస్తువు మీద నుంచి మొదలుపెట్టి కెమిస్ట్రీ అంతా తిప్పి చూపించాడు. నాకు తెలిసి ఉపన్యాసం అంటే అది.

మన దేశంలో కూడా ఉంది. కలకత్తాలో మహేంద్రలాల్ సర్కార్ అనే డాక్టరు 1876లో చందాలు పోగుచేసి ఒక సంస్థ పెట్టాడు, మామూలు జనానికి సైన్సు ఉపన్యాసాలు చెప్పించడానికి. అందులో ఉండి సొంతంగా రీసెర్చ్ చేసేవాళ్లు రావాలని ఆయన ఆశ, ఆ ఆశ తీరకుండానే 1904లో పోయాడు. 1907లో అకౌంట్స్ ఆఫీసు ఉద్యోగానికి కలకత్తా వచ్చిన సి.వి. రామన్ అనే ఒక మద్రాసు కుర్రాడు ఆ సంస్థ తలుపు తట్టాడు, ఆఫీసుకి ముందూ ఆఫీసు తర్వాతా అక్కడే పనిచేసుకున్నాడు. ఆ సంస్థలోనే 1928 ఫిబ్రవరి 28న రామన్ ఎఫెక్ట్ బయటపడింది. ఉపన్యాసాలకి కట్టిన ఇంట్లో నోబెల్ వచ్చే పని జరిగింది, అది కట్టినాయన చూడలేకపోయాడు. అందుకే మొదటి నెల పదిమందే వచ్చినా సరే ఆపొద్దని నేను కమిటీ వాళ్లకి గట్టిగా చెప్పా.

ఇప్పుడు చరిత్ర సంగతికొస్తా. సైన్సోళ్లు ఒకవైపు, సాహిత్యం చరిత్ర చదివినోళ్లు ఇంకోవైపు, ఒకరి మాట ఒకరికి పట్టదు, దీని మీదే సి.పి. స్నో అనే ఆయన 1959లో కేంబ్రిడ్జిలో ఉపన్యాసం ఇస్తే లోకమంతా చర్చ జరిగింది. మనకి ఆ గోడ అక్కర్లేదు, మన నీళ్లే చూడండి. బోర్లు రాకముందు మనోళ్లు బావి నీళ్లే కాదు, చెరువు నీళ్లూ తాగేవాళ్లు, చెరువువి పైన పడిన వాన నీళ్లు గదా, రాతిలో నాననే లేదు. మరి చెరువులు ఎట్టా కట్టారు? మన పక్కనే కడప జిల్లా పోరుమామిళ్లలో ఒక శాసనం ఉంది, 1369 నాటిది. వేయించింది భాస్కరుడనే విజయనగర రాకుమారుడు, బుక్కరాయల కొడుకు, ఏలింది మన ఉదయగిరి నుంచి. ఆ చెరువుకి వెయ్యి మంది కూలీలు రెండేళ్లు పనిచేశారని, రాళ్లు తోలడానికి వంద బండ్లు తిరిగాయని అందులో రాసుంది. అంతేకాదు, మంచి చెరువుకి కావలసిన పన్నెండు అంగాలు చెప్పాడు, నీటి శాస్త్రం తెలిసిన మనిషి, గట్టి నేల, తీపి నీళ్ల నది, పనితనం తెలిసిన కూలీలు ఇట్టా. ఆరు దోషాలు కూడా చెప్పాడు, కట్టలోంచి నీరు ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దు మీద ఉండటం అందులో ఉన్నాయి. సరిహద్దు మీద ఉండకూడదంట చూడండి, నీళ్ల కోసం కొట్టుకుంటారని ఆరొందల యాభై ఏళ్ల కిందటే తెలుసు! ఇది చరిత్ర లెక్చరరు ఒక్కడికి సంబంధించిన సంగతా, ఇంజినీరుకి కాదా, కెమిస్ట్రీ చెప్పే నాకు కాదా, చెరువు కింద రెండెకరాలున్న మీకు కాదా?

శాసనాలంటే గుర్తొచ్చింది, మన కందుకూరు పేరు 848 ప్రాంతంలో వేసిన అద్దంకి శాసనంలో ఉంది, చాళుక్యుల సేనాపతి పండరంగడు బోయకొట్టాలు, అంటే బోయల స్థావరాలు, పన్నెండూ గెలిచి కందుకూరుని బెజవాడ అంత చేశాడని తరువోజ అనే పాత తెలుగు ఛందస్సు పద్యంలో చెప్తది. ఇక్కడ పుట్టి పెరిగిన ఎంతమంది పిల్లలకి ఈ సంగతి తెలుసు? 1905లో బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి ఇద్దరూ కలిసి పాత నెల్లూరు జిల్లా శాసనాలన్నీ మూడు పుస్తకాలుగా వేశారు, తాలూకాల వారీగా, మన తాలూకావీ ఉన్నాయి. ఒక చరిత్ర మాస్టారు వచ్చే నెలల్లో దీని మీద మాట్లాడతానన్నారు, హాల్లో కాదు, గుడి దగ్గర రాయి ముందే. శాసనం నకలు ఎట్టా తీస్తారో మీ కళ్లముందే చేసి చూపిస్తారు. ముందు రాయిని బ్రష్షుతో నీళ్లతో కడిగి పట్టిన మురికి వదిలిస్తారు, పైన తడి కాగితం పరిచి గట్టి కుచ్చు బ్రష్షుతో టపటపా కొడతారు, కాగితం అక్షరాల గుంటల్లోకి దిగుద్ది, కొంచెం ఆరినాక నల్లసిరా అద్దిన బట్ట ఉండతో పైపైన అద్దుతా పోతారు. రాయి పైభాగం అంతా నల్లగా, గుంటల్లోని అక్షరాలు తెల్లగా తేలతాయి. రాయి మీద కంటికి ఆనని అక్షరం కాగితం మీద కనపడుద్ది. పండగకోసారి ఆ రాళ్లకి సున్నం కొట్టే అలవాటు కొన్ని ఊళ్లలో ఉంది, ఒకసారి ఇది చూసినోళ్లు మళ్లీ సున్నం కొట్టనివ్వరు, నాకా నమ్మకం ఉంది.

నేర్చుకున్న ముక్క జనం చేతిలోకి పోతే ఏమవుద్దో మన నెల్లూరోళ్లకి ఒకరు చెప్పనక్కర్లేదు. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంలో రాత్రిబడులు పెట్టారు, పగలంతా కూలికి పోయొచ్చిన ఆడోళ్లు లాంతరు ముందు కూర్చుని అక్షరాలు దిద్దారు, ఆ పాఠాల్లో తాగుబోతు మొగుడి కథ చదివి, ఇది మన కథే గదా అనుకున్నారు, దూబగుంటలో రోశమ్మ, ఆమెతో ఉన్న ఆడోళ్లు సారా కొట్టు మూయించారు, అది జిల్లాలు దాటిపోయి 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం పెట్టాల్సొచ్చింది. ఆ రాత్రిబడిలో ఎవరూ వాళ్లకి ఉపన్యాసం దంచలేదు, చదివి, ఆగి, మీరేమంటారమ్మా అని అడిగారు. ఆ అడగడం మనకి కావాలి.

అందుకని ఇక్కడ కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. మాట్లాడేవాళ్లు తెలుగులో మాట్లాడాలి, ఫ్లోరైడు, బ్యాక్టీరియా లాంటి మాటలు మనందరికీ వచ్చినవే, వాటిని అట్టాగే వాడుకోవచ్చు, వాటికి గ్రాంథికం వెతికి బెదరగొట్టక్కర్లేదు. శాలువాలు లేవు. నలభై నిమిషాలు మాట, ఇంకో నలభై నిమిషాలు ప్రశ్నలు, ప్రశ్నల టైం ఎవరికోసమూ తగ్గించం, మంత్రిగారొచ్చినా సరే. ప్రశ్న అడిగే మొదటి అవకాశం స్టూడెంటుకో, ఆడోళ్లకో, రైతుకో ఇస్తాం, మా లెక్చరర్లం చివర్లో అడుగుతాం, ఎందుకంటే మాకు మైకు దొరికితే వదలం, అది నిజం, పిల్లలు మా ముందు నోరు తెరవరు. మాట్లాడేవాళ్లకి తెలియని ప్రశ్న వస్తే పుస్తకంలో రాసుకుని వచ్చే నెల జవాబు చెప్పాలి. ఆ పుస్తకం ఇక్కడే ఈ టేబుల్ మీద ఉంటది, ఎవరైనా తీసి చూడొచ్చు.

వచ్చే నెల ఉపన్యాసం నీళ్ల మీదే, నేనూ, ఎముకల డాక్టరు ఒకాయనా కలిసి చెప్తాం. మీరు చేయాల్సిన పని ఒకటుంది. మీ బోరు నీళ్లు, వాటర్ ప్లాంట్ క్యాన్ నీళ్లు, ఏవి తాగుతున్నారో అవి ఒక ప్లాస్టిక్ సీసాలో పట్టుకురండి, గాజు సీసా వద్దు. పట్టే ముందు అదే నీళ్లతో సీసా రెండుసార్లు తొలవండి. చీటీ మీద ఊరి పేరు, బోరు ఎన్ని అడుగులు, ఎన్నేళ్ల కిందట వేశారు అన్నది రాసి అతికించండి. నేను ఎర్రరంగు మందు ఒకటి తెస్తా, జిర్కోనియం అనే లోహం కలిసిన రంగు, అది మీ నీళ్లలో వేస్తే ఫ్లోరైడు ఎంత ఎక్కువుంటే ఎరుపు అంత విరిగి పసుపులోకి మళ్లుద్ది, పక్కన కొలత తెలిసిన రంగుల ట్యూబులు పెట్టి మీరే పోల్చి చూసుకోవచ్చు. వచ్చిన అంకెలన్నీ ఊరి పేరుతో సహా గోడ మీద చార్టులో రాస్తాం. ఇది పైపై పరీక్షే, ఎక్కువ చూపించిన సీసాలని మళ్లీ ల్యాబుకి పంపి ఖాయం చేసుకుందాం. లోతు బోర్లలోనే ఎక్కువుందా, పాత బావుల్లో తక్కువుందా, చెరువు దగ్గరున్న బోరు ఎట్టా ఉంది అన్నది అందరం కలిసి చూద్దాం, ఎవరి దగ్గరైనా తాతల నాటి చెరువు కాగితాలు, పాత పటాలు ఉంటే అవి కూడా తెండి.

ఇప్పుడు ఎడమవైపు వరస నుంచి మొదలుపెడదాం, అమ్మా, ఆ మైకు ఆ మూడో కుర్చీలో ఉన్న పాపకివ్వండి, ఇందాకటి నుంచి చెయ్యెత్తతా ఉంది.