రిలాక్సెంట్ అంటే మత్తుమందు కాదు

నమస్తే సిస్టర్స్, బ్రదర్స్. విజయవాడ నుంచి మాట్లాడుతున్నాను. ఐసీయూలో కొత్తగా చేరినవాళ్లు ‘మజిల్ రిలాక్సెంట్’ అనగానే హాయిగా నిద్రపుచ్చే మందేదో అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. తిరకాసంతా ఆ పేరులోనే ఉంది.

ఆ పేరుతో రెండు రకాల మందులున్నాయి. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు మోసి నడుం పట్టేసిన బాబాయికి రాసేవి టిజానిడిన్, థయోకాల్చికోసైడ్ లాంటి మాత్రలు. ఆపరేషన్ థియేటర్లో, వెంటిలేటర్ దగ్గర వాడేవి వెక్యురోనియం, అట్రాక్యూరియం, సక్సినైల్‌కోలిన్ లాంటి ఇంజెక్షన్లు. మాత్రలు బిగుసుకున్న కండరాన్ని కాస్త వదులు చేస్తాయి. ఇంజెక్షన్లు ఊపిరి పీల్చుకునే కండరాలను కూడా పని చేయకుండా ఆపేస్తాయి.

ముందు మాత్రల సంగతి చూసేద్దాం. టిజానిడిన్‌తో మగతగా ఉంటుంది, బీపీ పడిపోతుంది. “రాత్రి బాత్రూముకి లేచేముందు మంచం మీద కాసేపు కూర్చోండి బాబాయ్, నన్ను పిలవండి” అని చెప్పండి. కేస్ షీట్లో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ కూడా కనిపిస్తే మాత్ర ఇవ్వకుండా డాక్టరు గారికి ఫోన్ చేయండి, ఆ రెండూ కలవకూడదు. బాక్లోఫెన్ అనే ఇంకో రిలాక్సెంట్ మాత్ర చాలా రోజులుగా వాడుతున్నవాళ్లకు ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ రావచ్చు. స్టాక్ లేదని డోసు వదిలేయకండి.

ఇక ఇంజెక్షన్లు. ఈ వయల్ దగ్గరగా చూడండి. వెక్యురోనియం, తెల్లటి పొడి. కలిపాక నీళ్లలా తేటగా ఉంటుంది. పక్కన సెలైన్ ఫ్లష్ సిరంజి, అంటే లైన్ కడగడానికి ఉప్పునీళ్లు నింపిన సిరంజి పెడుతున్నాను. ఏది ఏదో చెప్పగలరా? నేనూ చెప్పలేను. అందుకే లోడ్ చేసిన చెయ్యి సిరంజిని కింద పెట్టకముందే ఎర్ర లేబుల్ అంటించాలి. లేబుల్ లేని సిరంజి కనిపిస్తే ఎవరిదని అడుగుతూ కూర్చోకండి, పారేయండి.

2017లో అమెరికాలోని నాష్‌విల్‌లో ఒక పెద్దావిడకు స్కాన్ ముందు భయం తగ్గడానికి వెర్సెడ్, అంటే మిడజోలం రాశారు. నర్సు మందుల మెషీన్లో మొదటి రెండక్షరాలు కొట్టి, వచ్చిన వెక్యురోనియం తీసుకెళ్లి ఇచ్చేసింది. ఆవిడ చనిపోయారు. 2022లో కోర్టు ఆ నర్సును దోషిగా తేల్చింది. వెర్సెడ్ ద్రవంగానే వస్తుంది. పొడి కలపాల్సి వచ్చినప్పుడైనా ఆ చెయ్యి ఆగాల్సిందని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

అందుకే ఈ మందులు వార్డు ట్రేలో మిగతావాటితో కలిసి ఉండకూడదు. విడిగా మూతున్న డబ్బాలో, పైన హెచ్చరికతో ఉండాలి. సక్సినైల్‌కోలిన్, అట్రాక్యూరియం 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో ఉండాలి. మే నెలలో మన బెజవాడ ఎండకి కరెంటు పోతే మొదట చూడాల్సింది ఆ ఫ్రిజ్ థర్మామీటరే.

ఇచ్చేముందు ఆంబూ బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి), ఆక్సిజన్, సక్షన్ (గొంతులో తడి లాగేసే మెషీన్) పక్కనే ఉన్నాయా, ఊపిరి కోసం గొంతులో ట్యూబ్ వేయగల డాక్టరు గారు ఎదురుగా ఉన్నారా చూడండి. మత్తు, నొప్పి మందులు ముందే పడాలి. ఎందుకంటే ఈ ఇంజెక్షన్ మెదడును తాకదు. మత్తు చాలకపోతే పేషెంటుకు అన్నీ వినిపిస్తాయి, నొప్పి తెలుస్తుంది, వేలు కూడా కదపలేరు. కంట్లో నీళ్లు, పెరిగే పల్స్, బీపీ, అవే ఆయన మాటలు. రెప్ప కూడా పడదు, కాబట్టి కళ్లు మూసి ఆయింట్‌మెంట్ వేయండి. పక్క మార్చేటప్పుడు “ఎడమవైపు తిప్పుతున్నానండీ” అని చెప్పండి.

చివరిగా క్యాన్యులా, అంటే మందు ఎక్కించడానికి నరంలో పెట్టే సన్నని గొట్టం. థియేటర్లో ఇచ్చిన మందు రెండు చుక్కలు అందులో మిగిలితే, తర్వాత వార్డులో మీరు యాంటీబయాటిక్ పుష్ చేసినప్పుడు అవి లోపలికెళ్లి ఊపిరి ఆగిపోవచ్చు. థియేటర్ నుంచి పేషెంటును తీసుకొచ్చినవాళ్లను “లైన్ ఫ్లష్ చేశారా?” అని అడగండి. విసుక్కుంటారు. అయినా అడగండి.