గట్టు కనపడ్డాక

అందరికీ నమస్కారం. వేదిక మీద పెద్దల పేర్లన్నీ కాగితం మీద రాసుకొచ్చాను గానీ నాకిచ్చిందే పావుగంట, కాబట్టి పెద్దలు ఏమీ అనుకోకూడదు. నన్ను అట్లాంటిక్ దాటిన అనుభవాలు చెప్పమన్నారు. ఆఫ్రికా పక్కనున్న కానరీ దీవుల నుంచి కరేబియన్ దాకా దాదాపు 2,700 నాటికల్ మైళ్లు, అంటే సముద్రపు మైళ్లు, 22 రోజులు, చిన్న సెయిల్ బోట్‌లో నలుగురం. అందులో మొదటి ఇరవై రోజుల గురించి చెప్పడానికి నిజంగా పెద్దగా ఏం లేదండీ. వెనక నుంచి ఎప్పుడూ ఒకే వైపుకి వీచే ట్రేడ్ విండ్స్, పడవ అటూ ఇటూ ఊగుడు, మూడు గంటలు వాచ్, అంటే మేలుకుని పడవకి కాపలా, తర్వాత నిద్ర, మళ్లీ వాచ్. నా బాధంతా చివరి రెండు రోజులది.

ఇరవయ్యో రోజున నేను శాటిలైట్ మెసేజ్‌లో ఇంటికి "ఎల్లుండి రాత్రికి వచ్చేస్తున్నాం" అని కొట్టాను. చేసిన తప్పు అదే. వాళ్లు ముందే దీవికొచ్చి కూర్చున్నారు. అప్పటిదాకా గాలి ఎలా ఉంటే అలా పోయినవాణ్ణి, ఆ మెసేజ్ కొట్టాక గంటకోసారి స్పీడ్ చూడటం మొదలుపెట్టాను. అయిదు నాట్లు, అంటే గంటకి అయిదు నాటికల్ మైళ్లు, చూపిస్తే కోపం, ఆరు చూపిస్తే సంతోషం. తాడు ఒరుసుకుపోయిందా, సెయిల్ కుట్లు ఊడుతున్నాయా అని రోజూ చూసే పని కూడా ఎగ్గొట్టాను, ఎలాగూ వచ్చేశాం కదా అని. ఏరు దాటాక బోడి మల్లయ్య అంటారు, నేను దాటకముందే అనేశాను.

ఇక్కడ టెట్లీ గురించి చెప్పాలి, టైమ్ అయిపోతున్నా చెప్తాను. 1968లో గోల్డెన్ గ్లోబ్ రేసు, ఒంటరిగా ఎక్కడా ఆగకుండా ప్రపంచం చుట్టి రావాలి. 312 రోజుల్లో ముందుగా వచ్చింది రాబిన్ నాక్స్-జాన్స్టన్, అది అందరికీ తెలుసు. నైజెల్ టెట్లీని ఎవరూ తలుచుకోరు. ఆయన చుట్టు దాదాపు పూర్తి చేసేశాడు, తక్కువ టైమ్‌కి ఇచ్చే ప్రైజ్ ఇంకా మిగిలుంది. వెనకే అదే రేసులో ఉన్న క్రౌహర్స్ట్ తరుముకొస్తున్నాడని రేడియోలో కబుర్లు. క్రౌహర్స్ట్ అసలు అట్లాంటిక్ దాటి పోనే లేదు, అక్కడక్కడే తిరుగుతూ దొంగ లెక్కలు పంపాడు! ఆ సంగతి టెట్లీకి తెలియదుగా, అలిసిపోయిన పడవని ఇంకా తోలాడు. 1969 మేలో, అట్లాంటిక్‌లోని అజోర్స్ దీవుల దగ్గర తుఫానులో, ఇంకా 1,100 నాటికల్ మైళ్లు ఉందనగా పడవ విరిగి మునిగిపోయింది. ఆయన బతికాడు. నాకు ఆ కథ ముందే తెలుసు, పైగా వాచ్‌లో పక్కవాళ్లకి చెప్పాను కూడా. చెప్పి, వెళ్లి మళ్లీ స్పీడ్ చూశాను!

సరే, ఆ రాత్రి. ఆకాశం అంచున ఊరి లైట్ల వెలుగు లేచింది. నాకు కాళ్లు ఆగట్లేదు. మా కెప్టెన్ మాత్రం దీవికి ఇరవై మైళ్ల ఇవతలే పడవని హీవ్-టు చేసేశాడు. అంటే ముందు సెయిల్‌ని గాలి వైపుకి లాగి కట్టి, చుక్కానిని దానికి ఎదురు పని చేసేట్టు తిప్పి కట్టేస్తే, రెండూ ఒకదానితో ఒకటి పోట్లాడుకుని పడవ దాదాపు ఆగిపోతుంది. చీకట్లో తెలియని హార్బర్‌లోకి పోను, తెల్లారాకే అన్నాడు. ఊరి లైట్లలో బోయల లైట్లు, అంటే దారి చూపించడానికి నీళ్ల మీద తేల్చి కట్టే గుర్తుల లైట్లు, కలిసిపోతాయన్నాడు. ఇంకో మాట కూడా, యూరప్ వైపు హార్బర్‌లోకి పోతుంటే ఎర్ర బోయ ఎడమ పక్క ఉంటుంది, అమెరికా వైపు, కరేబియన్‌లో కుడి పక్క. సముద్రం దాటితే రంగులే తారుమారు. అలసిన బుర్ర పాత లెక్కే పట్టుకుంటుందన్నాడు. నేను వినలేదు. మావాళ్లు గట్టు మీద నిలబడి ఉంటారని గొడవ పెట్టుకున్నాను. మాటా మాటా పెరిగింది. చివరికి దుప్పటి ముసుగేసి పడుకున్నాను.

పొద్దున లోపలికి వచ్చాం. హార్బర్ నోరు ఎంత వెడల్పుందంటే, రాళ్లు లేవు, వలలు లేవు, ఏమీ లేవు. చూశారా, రాత్రే వచ్చేసేవాళ్లం అన్నాను. ఆయన ఏమీ అనలేదు, లంగరు వదలమన్నాడు.

ముందుకెళ్లాను. లంగరు లేదు. బయల్దేరినప్పుడు అలలకి కొట్టుకుంటుందని చైన్ విప్పి, లంగరు తీసి కింద కట్టేశాం. గట్టుకి ఒకరోజు ముందు మళ్లీ బిగించాల్సిన పని నాది. కాగితం మీద నా పేరే ఉంది. రాత్రి ఆ నోట్లో ఇంజిన్ ఆగి ఉంటే మమ్మల్ని పట్టి ఆపడానికి ఏముంది చెప్పండి?

షాకిల్, అంటే లంగరుని చైన్‌కి కలిపే కొక్కెం, బిగించడానికి ఇరవై నిమిషాలు పట్టింది, చేతులు వణికి పిన్ను ఒకసారి జారి డెక్ మీద పడింది, నీళ్లలో పడలేదు. అంతసేపూ కెప్టెన్ ఒక్క మాట అనకుండా పడవని గుండ్రంగా తిప్పుతూనే ఉన్నాడు. నాలుగో చుట్టులో గట్టు మీద మా ఆవిడ కనపడింది, చెయ్యి ఊపింది.

దిగాక మొదటి మాట, "నిన్న రాత్రే అన్నావుగా?"