నదిలో ‘అండి’ ఉండదు!

‘ఆపు’ అన్నాను. ‘ఆపండి’ అనలేదు. ఇదీ నేను చేసిన నేరం!

నమస్కారం. హనుమకొండ నుంచి మాట్లాడుతున్నాను. పోయిన వారం వీడియో మీరు చూసే ఉంటారు. పెళ్లిరోజుకు మేమిద్దరం వెళ్లిన ప్రయాణం అది. ముందు పాకాల అడవి దారిలో సైకిళ్లు, తర్వాత కర్ణాటకలోని దండేలిలో, కాళీ నది మీద ర్యాఫ్టింగ్, అంటే ఉరికే నీళ్లలో గాలిపడవ ప్రయాణం. పాకాల చెరువు ఎవరికీ కనబడలేదు, అడవి ఎవరికీ పట్టలేదు. అందరికీ వినబడింది ఒక్క మాట. ర్యాఫ్టులో మా ఆయనను నేను ‘ఆపు’ అన్నానట! ‘కట్టుకున్నవాడిని పదిమందిలో నువ్వు అంటుందా’, ‘ఓరుగల్లు ఆడపడుచుకు ఇదేనా మర్యాద’ అని ఒకటే వ్యాఖ్యలు.

సరే. ఈరోజు నేను చెప్పేది ఒక్కటే. నదిలో ‘అండి’ ఉండదు.

అక్కడ జరిగింది వినండి. ముందు వరుసలో ఎడమవైపు ఆయన, కుడివైపు నేను. గైడు వెనక కూర్చుని పడవను తిప్పుతాడు, ఎప్పుడు తెడ్డు వేయాలో, ఎప్పుడు ఆపాలో కేక వేసి చెబుతాడు. గైడు ఆపమన్నాడు. నీళ్ల హోరులో నాకు వినబడింది, ఆయనకు వినబడలేదు. కుడివైపు తెడ్లు ఆగి ఎడమవైపు తెడ్డు నడుస్తుంటే ఏమవుతుంది? పడవ ముక్కు కుడికి తిరుగుతుంది. ఎదురుగా బండరాయి! పడవ అడ్డంగా వెళ్లి రాతికి తగిలితే, వెనక నుంచి వచ్చే నీరు ఎగువ అంచును కిందికి నొక్కేస్తుంది. ఇక తిరగబడటమే. ఆ క్షణంలో నేను బహువచనం వెతుక్కోవాలా?

ఎక్కేముందే గైడు చెప్పాడు. నీళ్లలో పడితే వెల్లకిలా తేలాలి, పాదాలు ప్రవాహం వెళ్లే వైపు చాపాలి, లేచి నిలబడకూడదు. నిలబడితే పాదం రాళ్ల మధ్య ఇరుక్కుంటుంది, వెనక నుంచి వచ్చే నీరు మనిషిని బోర్లా పడేసి ముంచుతుంది. తలకు హెల్మెట్, ఒంటికి లైఫ్ జాకెట్ ఊరికే తొడగరు. అలాంటి చోట నా భర్త ప్రాణం నాకు ముఖ్యం. ఆయనకు రావలసిన ‘అండి’ గట్టు మీదికి వచ్చాక ఇస్తాను.

ఇంకో సంగతి. అదే వీడియోలో, పాకాల దారిలో, ఆయన నా మీద పదకొండుసార్లు అరిచారు. కూర్చుని లెక్కపెట్టాను. ‘రాయి!’ ‘గుంత!’ ‘ఇసుక!’ ఒక్కరైనా తప్పుపట్టారా? లేదు. తప్పుపట్టకూడదు కూడా. వదులు మట్టిలో మలుపు తిరుగుతూ ముందు బ్రేకు గట్టిగా పట్టుకుంటే చక్రం జారిపోతుంది. ఇసుక వస్తోందని ముందే తెలియాలి, వేగం ముందే తగ్గాలి. ముందున్నవారు అరవాలి, వెనకున్నవారు నమ్మాలి. మరి ఆయన అరిస్తే జాగ్రత్త, నేను అరిస్తే పొగరా?

మా అమ్మమ్మది నర్సంపేట వైపు ఊరు. అమ్మమ్మా తాతయ్యా కలిసి పొలానికి గూడ వేసేవారట, అంటే తాళ్లు కట్టిన బుట్టతో నీళ్లు తోడేవారట. చెరోవైపు నిలబడి, తాళ్లు పట్టుకుని, గూడను ఒకే ఊపులో నీళ్లలో ముంచి పైకి ఎత్తాలి. ఒకరు లాగి ఒకరు ఆలస్యం చేస్తే నీళ్లన్నీ ఒలికిపోతాయి. అక్కడ లెక్క చెప్పింది అమ్మమ్మే. తాతయ్య ఆ లెక్కకే లాగారు. పాకాల తవ్వించిన గణపతిదేవుడి గురించి గంటలు మాట్లాడుకుంటాం, చెరువుల నీళ్లను మడిలోకి ఎత్తిన ఆ చేతుల గురించి మాట్లాడం. నాకు అది కోపం.

అందుకే నా సిద్ధాంతం. పెళ్లయిన ఏడాదిలోపు ప్రతి జంటా ముందు అడవి దారిలో సైకిలు తొక్కాలి, ఆ తర్వాతే నదిలో తెడ్డు పట్టాలి. వరుస మారకూడదు. సైకిలు మీద మాట వినడం అలవాటవుతుంది, నదిలో ఆ అలవాటు ప్రాణం కాపాడుతుంది. జాతకాలు కలిశాయా అని అడిగే పెద్దలారా, తెడ్లు కలిశాయా అని అడగండి!

‘గోదావరి మన పక్కనే ఉండగా దండేలి ఎందుకు’ అన్నవారికి, బొగత జలపాతం దగ్గర ర్యాఫ్టు వేయమన్నవారికి ఒక్క మాట. పారే నీళ్లన్నీ ర్యాఫ్టుకు పనికిరావు. కాళీ నదికి ఎగువన సూపా ఆనకట్ట ఉంది, అక్కడ నీళ్లు అదుపులో వదులుతారు. వానాకాలపు గోదావరి వరదను అదుపు చేసేది ఎవరు? జలపాతం చూడటానికి వెళ్లండి, దూకడానికి కాదు.

ఇప్పుడు ఆ ముక్క మళ్లీ వేస్తున్నాను. ఈసారి నా గొంతు వినకండి. ఆయన తెడ్డు చూడండి. నేను ‘ఆపు’ అనగానే నీటి పైకి లేచింది. చూశారా? రాయి మన ఎడమవైపు నుంచి వెళ్లిపోతోంది, అదిగో.